జిప్సం గోడకు క్యూరింగ్

కడపలో మా అక్క ఫిజియోథెరపీ క్లినిక్ తెరవడానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. అద్దెకు తీసుకున్న మేడ మీది హాలును జిప్సం బోర్డులతో రెండు గదులు చేయించాం. విడిగా గది ఉంటేనే వస్తామని ఆడవాళ్లు ముందే చెప్పేశారు. ఆ గోడ లేకుంటే క్లినిక్ లేనట్టే. బెంగళూరులో పెరిగిన నేను, ఫోన్లో నాలుగు వీడియోలు చూసి పని మొత్తం వచ్చేసిందనుకున్నాను.

ముందురోజు సాయంత్రం మిస్త్రీ బోర్డుల అతుకుల మీద కాగితం టేపు అంటించి, పైన పుట్టీలాంటి కాంపౌండ్ పూసి వెళ్లాడు. అద్దంలా ఉంది. పొద్దున తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాను. అతుకుల పొడవునా బొబ్బలు! ఒకచోట టేపు ఊడి నాలుకలా వేలాడుతోంది. ఫోన్లో మళ్లీ వీడియోలు వెతికాను. టేపు కింద కాంపౌండ్ తక్కువైతే బొబ్బలొస్తాయట. అంతే, మెట్లెక్కి వస్తున్న మిస్త్రీ మొహానికి ఫోన్ అడ్డం పెట్టాను.

"ఏం పనయ్యా ఇది? మెటీరియల్ మిగుల్చుకున్నావా? దొంగపని!"

మిస్త్రీ కోసిగి నుంచి ఏటా వలసపోయి, బెంగళూరు ఆఫీసుల్లో ఇవే గోడలు నున్నగా చేసిన మనిషి. "అరిసేది అయిపోతే రాప్పా, సూపిస్తా" అన్నాడు. బ్లేడుతో ఒక బొబ్బ కోశాడు. "పూసిన మందు తక్కువైతే కాగితం పొడిగా ఊడొస్తాది. ఈడ సూడు, శానా ఉండాది. నీళ్లు తాగి పేడ మాదిరి అయినాది."

"ఈ ఎండల్లో నీళ్లెక్కడివయ్యా?" అని ఎగిరాను.

వెనక బకెట్టు చప్పుడైంది. అక్క మామగారు. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టిన మనిషి, సాయం చేస్తానని నిన్ననే వచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసిపోయింది.

"వచ్చినావా మిస్త్రీ! గోడ పగులుతాదేమోనని తెల్లారేసరికి రెండు మార్లు తడిపినా. కింద నుంచి మోసినా. ఇంగొక తూరి పోయల్నా?"

ఎత్తిన ఫోన్ దించేశాను. ఇక్కడ తాగడానికి లేకపోయినా కొత్త సిమెంటు గోడకు క్యూరింగ్ అని వారం రోజులు నీళ్లు పోయక తప్పదు. ఆయన అదే చేశాడు.

మిస్త్రీ నా వైపు చూశాడు. ఇప్పుడు నా పరువు తీస్తాడనుకున్నాను. "పెద్దాయనా, ఇది సిమెంటు కాదు. దీనికి తడి పడదు" అని మాత్రం అన్నాడు.

పెద్దాయన బకెట్టు దించేశాడు. "ఎల్లుండి కోడలు తెరవల్ల గదప్పా..."

"తెరుస్తాదిలే. బోర్డు నొక్కి సూసినా, గట్టిగానే ఉండాది. టేపు పీకి, ఆరినంక మళ్లా ఏస్తా."

"తప్పైపోయింది" అన్నాను మిస్త్రీతో.

"నీ వీడియో తప్పు కాదులే. కోసి సూడకుండా అరిసినావు, అంతే. ఆ ఫోను లైటు గోడ పక్కనుంచి పట్టు."

పట్టాను. నాకు కనపడని ఉబ్బులు ఇంకో ఇరవై నీడలేసుకుని లేచాయి.

అనుకున్న రోజుకు గోడ సిద్ధమైంది. రంగుకు టైం చాల్లేదు. మొదట వచ్చినావిడ లోపలికెళ్లి తలుపేసుకుంటే, పెద్దాయన బయట కాపలా నిలబడి, తడి చేతులున్నవాళ్లెవర్నీ ఆ గోడ దగ్గరికి రానివ్వలేదు.