సున్నా దగ్గర ఆగిన పెళ్లి వీడియో

మా మేనకోడలి పెళ్లి గుడివాడలో. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు మా ఆవిడ మంగళహారతి పాడాలని మా అక్క కోరిక. ఏదో ఒక హారతి కాదు, మా పెళ్లిలో మా అత్తగారు పాడిందే కావాలట. అక్క ఫోన్లో అడగ్గానే మా ఆవిడ సరేనంది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, మూడో చరణం ఒక్క ముక్క కూడా గుర్తులేదని మెల్లగా చెప్పింది. అత్తగారు పోయి చాలా ఏళ్లయింది, అడగడానికి ఇంకెవరూ లేరు. ఆడపడుచు దగ్గర మాట పోతుందన్న బెంగ కంటే, అమ్మ పాట నోట్లోంచి జారిపోయిందన్న బెంగే ఆవిడకు ఎక్కువ.

మా పెళ్లి వీడియో క్యాసెట్టు బావమరిది దగ్గరుంది. దివిసీమలో, కాలువ చిట్టచివర వ్యవసాయం చేసుకుంటాడు. ఈమధ్యే ఎవరిచేతో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. పాట ఎక్కడొస్తుందో వెతికే ఓపిక తనకు లేదని, మొత్తం పంపిస్తాను మీరే చూసుకోండని అన్నాడు. ఫైలు చూస్తే కొండంత. వాళ్ల ఊళ్లో నెట్టు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. టోరెంట్లో పెడితే నీ కంప్యూటర్లోంచి నేరుగా నా కంప్యూటర్లోకి దిగుతుంది, మధ్యలో నెట్టు పోయినా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది, దాన్ని మించింది లేదు అని చెప్పింది నేనే. రెండిళ్లలోని పాత కంప్యూటర్లకూ విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించిన ఘనుణ్నీ నేనే. వాడు ఫోన్లో నేను చెప్పినట్టల్లా చేసి లింకు పంపాడు.

ఇక్కడ బందరులో మా ఇంట్లో లింకు నొక్కాను. సున్నా శాతం. టీ తాగి వచ్చి చూస్తే సున్నా. భోంచేసి వచ్చి చూసినా సున్నాయే.

ఇక నడుం బిగించాను. ఫోల్డరులో రాసే అనుమతి ఉందా అని చూశాను, ఉంది. డిస్కులో చోటు బోలెడుంది. ఫైర్‌వాల్ తీసేశాను, పోర్టు మార్చాను, రౌటర్ని ఆర్పి వెలిగించాను, చివరికి టోరెంట్ ప్రోగ్రామునే పీకేసి మళ్లీ పెట్టాను. ఊహూఁ. లోపం నా కంప్యూటర్లోనే ఉందేమోనని, లైనక్స్ వాళ్లు అందరికీ ఉచితంగా ఇచ్చే ఫైలొకటి టోరెంట్లో పెట్టి చూస్తే అది జోరుగా దిగిపోయింది. పైగా బావమరిది కంప్యూటర్ నాతో కలిసే ఉందని, వాడి దగ్గర మొత్తం ఫైలుందని తెర మీద స్పష్టంగా కనిపిస్తోంది. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని నోరు విప్పని చుట్టంలా ఉంది వ్యవహారం.

బస్సెక్కి వెళ్లి పెన్ డ్రైవులో తెచ్చుకుంటే ఒక్కపూట పని కదా అంది మా ఆవిడ. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంట్లో ఇంత సదుపాయం పెట్టుకుని బస్సెక్కడమేమిటని కసిరాను. పోనీ తమ్ముడికి ఫోన్ చేసి అడగమంది. పాఠం చెప్పిన నేను వెళ్లి వాణ్ని అడగటమా! మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే గుడివాడ బయల్దేరాలి. లోపల్నుంచి రెండు చరణాలు వినిపించేవి, మూడోది రాగానే గొంతు ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచి పాడేది, మళ్లీ అక్కడే ఆగేది. అది వినలేక నేనే ఫోన్ తీశాను.

కంప్యూటర్ వెలుగుతోందట, నెట్టుందట. అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయట. సెట్టింగుల్లో ఏమన్నా కదిపావా అన్నాను.

“ఒక్కటే బావగారూ. బయటికి పంపే వేగం అని ఉంది కదండీ, దాన్ని సున్నాకి తెచ్చి కట్టేశాను.”

“ఎందుకయ్యా?”

“తూము తెరిచి వదిలేస్తే మన మడిలో ఏం మిగులుద్దండీ? అమ్మ ఉన్నది అదొక్కటే కదా.”

నాకు తిట్టబుద్ధి కాలేదు. కాలువ చివరి పొలాలకు పైవాళ్లు వంతు ప్రకారం వదిలితేనే నీళ్లు. ఆ వచ్చిన కాసిని నీళ్లను తూము మూసి, గట్టు మీద కాపలా కాసి దాచుకోవాలి. బుద్ధెరిగినప్పటి నుంచీ అలా బతికినవాడు బయటికి పోయే దారి కనిపిస్తే మూయక ఏం చేస్తాడు? ఎంత పంపినా నీ దగ్గరున్నది తగ్గదయ్యా అని నచ్చజెప్పాను. ఒక్క చుక్క కూడా తగ్గదా అని అనుమానంగా అడిగాడు. తగ్గదని ఒట్టేశాక తెరిచాడు.

సాయంత్రానికి పెళ్లంతా దిగింది. ఇద్దరం కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. హారతి పళ్లెం పట్టుకుని అత్తగారు పాడుతున్నారు. రెండు చరణాలయ్యాయి. మూడోది ఎత్తబోయి ఆగిపోయారు. నవ్వుతూ వంగి, పీటల మీదున్న పెళ్లికూతురి నోటి దగ్గర చెవి పెట్టారు. బాసికం కట్టుకుని తల దించుకున్న ఆ పిల్ల పెదాలు కదిలాయి. ఆవిడ ఆ ముక్క అందుకుని గొంతెత్తారు.

“అమ్మక్కూడా గుర్తులేదండీ,” అంది మా ఆవిడ. “నేనే అందించాను.”

నవ్వుతూనే ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి, ఎందుకు దాచడం.

గుడివాడలో బాగా పాడింది. మూడో చరణం దగ్గర కావాలనే ఆగి, పెళ్లికూతురి వైపు వంగి ఆ ముక్క ముందు పిల్ల చెవిలో చెప్పింది. తర్వాత పైకి ఎత్తుకుంది. పాట అయ్యాక, అలా చెవిలో చెప్పడం మీ వైపు ఆచారమా అని మా అక్క అడిగింది.

“అవును వదినా,” అంది మా ఆవిడ.