థర్జా టీచరు హూంకారం

మా ఆస్క్‌బెక్ ఊళ్లో ఇల్లు తగలబడుతున్నా సరే, థర్జా ఓల్డ్‌రాయిడ్ టీచరు ముందు ‘హూ’ అనాల్సిన చోట ‘విచ్’ అన్నవాడి సంగతి తేల్చేది. నీళ్ల బకెట్టు సంగతి ఆ తర్వాతే. ఇంగ్లీషు వాక్యంలో మనిషి గురించి చెబితే ‘హూ’, వస్తువు గురించి చెబితే ‘విచ్’, అదీ ఆవిడ ధర్మశాస్త్రం. రెంటికీ కలిపి ‘దట్’ అని సరిపెట్టేసే బద్ధకస్తులంటే ఆవిడకి అసలు గిట్టదు. మా బడిలో మూడు తరాల్ని ఇలాగే వణికించింది. రిటైరయ్యాక ఊరు మొత్తాన్నీ తన క్లాసు చేసేసుకుంది.

తగలబడటం మాట వట్టినే అనలేదు. ఓసారి ఆవిడ పొగగొట్టానికే నిప్పంటుకుంది. ఫైరింజనుతో వచ్చినాయన నిచ్చెన మీంచి, కప్పు మీద చిక్కుకున్న పిల్లి గురించి ఏదో చెప్పబోతూ పాపం ‘విచ్’ అన్నాడు.

“ఆగు. ఆ పిల్లికి పేరుంది, తెలుసా?”

“నాకెలా తెలుస్తుందండీ?”

“రాల్ఫ్. పేరున్నవాణ్ణి పట్టుకుని విచ్ అంటావా? ఏదీ, మళ్లీ చెప్పు.”

ఆయన చేతిలో గొట్టం పట్టుకుని వాక్యమంతా మొదట్నుంచీ మళ్లీ చెప్పాడు. ఈలోగా రాల్ఫ్ విసిగిపోయి తనే దిగొచ్చేసింది.

పేరున్న ప్రతి ప్రాణీ ‘హూ’ అన్న ఈ సూత్రం వల్ల ఎక్కువ నష్టపోయింది మాంసం కొట్టు ఏమోస్. అతని పెరట్లో పందికి వీధి పిల్లలు డాఫ్నీ అని పేరు పెట్టారు. టీచరు కొట్టుకెళ్లి నిలదీసింది. “అది ఇప్పుడు హూ అయ్యాక, సాసేజీలు ఎలా చేస్తావయ్యా? నీకు మనసెలా వస్తుంది?” ఏమోస్‌కి మనసు రాలేదు. డాఫ్నీ ముసలితనం వచ్చి, మనవల్ని చూసుకుని హాయిగా పోయింది.

ఆఖరికి దేవుడి విషయంలోనూ ఆవిడ రాజీ పడలేదు. పాత ప్రార్థనలో పరలోకంలో ఉన్న తండ్రిని ‘విచ్’ అనే అంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆవిడ గట్టిగా దగ్గేది. పాస్టరు కొలిన్ పెంబర్టన్ బతిమాలుకునేవాడు.

“అది ఎన్నో వందల ఏళ్లుగా అలాగే ఉంది టీచరుగారూ!”

“తప్పు ముసలిదైపోతే ఒప్పవుతుందా కొలిన్? దేవుడేమన్నా కుర్చీయా, బల్లా? నువ్వెంత పెద్ద అంగీ తొడుక్కున్నా నాకు వెనక బెంచీవాడివే.”

ఇక విల్ఫ్ సగ్డెన్ దగ్గరికి వస్తాను. పొలాలకి రాతిగోడలు కడతాడు. అతనికి నత్తి ఉంది. నత్తితో అతనికి పెద్ద ఇబ్బంది లేదు, ఇబ్బందల్లా మా ఊరివాళ్ల మంచితనంతోనే. అతనొక మాట దగ్గర ఆగాడంటే చాలు, అయ్యో పాపం అనుకుంటూ చుట్టూ ఉన్నవాళ్లు తలో మాటా అందించేస్తారు. బ్రెడ్డు కొందామని రొట్టెల కొట్టుకెళ్లి, వెనకవాళ్లు అందించిన వాటికల్లా తలూపి, అక్కర్లేని, పంది మాంసం కూరిన రొట్టె పట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఆ కొట్టు నడిపే మిల్డ్రెడ్ ఒక్కతే అతని మాట పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడేది. అక్కడ మొదలై సంగతి పెళ్లిదాకా వచ్చింది.

పెళ్లి దగ్గరే అసలు చిక్కు. ప్రమాణం పెళ్లికొడుకు తన నోటితోనే చెప్పాలి, ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఆ భయంతో విల్ఫ్ పెళ్లిని అప్పటికే ఒకసారి వాయిదా వేశాడు. ఇంకోసారి వేస్తే మిల్డ్రెడ్ పిన్ని మాడ్ ఊరుకునేలా లేదు.

నేను ఆ చర్చిలో ఆర్గాన్ వాయిస్తాను. పెళ్లికి ముందు రోజు విల్ఫ్ వచ్చి నా వెనకాల నిలబడి ప్రమాణం అప్పజెప్పాడు. అక్కడక్కడ కాస్త ఆగాడు గాని, మొత్తం చక్కగా చెప్పాడు.

“ఇంత బాగా చెబుతూ భయమెందుకయ్యా?” అన్నాను.

“మీరు అటు తిరిగి కూర్చున్నారు కదండీ. నావైపు ఎవరూ చూడకపోతే వస్తుంది. జాలిపడి నోళ్లు తెరిచారంటే మాత్రం గొంతుకి తాళం పడిపోతుంది.”

అక్కడే ఇత్తడి దీపస్తంభాలు తోముతున్న థర్జా టీచరు తలెత్తలేదు. విల్ఫ్ వెళ్లాక నేను ఆవిడకి దణ్ణం పెట్టినంత పని చేశాను.

“టీచరుగారూ, రేపొక్కరోజు నోరు కట్టేసుకోండి. మీకు పుణ్యముంటుంది.”

“చూద్దాంలే,” అంది.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే టీచరు ఆ రోజు గొడుగు పట్టుకుని తలుపు దగ్గర చిట్టచివర కూర్చుంది. నా వీపు జనం వైపు ఉంటుంది కాబట్టి జరిగేది కనబడటానికి ఆర్గాన్ మీద ఒక అద్దం బిగించారు. అందులో చూస్తున్నాను. విల్ఫ్ పెళ్లికూతురి పేరు దాకా వచ్చి “మి...” దగ్గర ఆగిపోయాడు.

చర్చి మొత్తం జాలితో ముందుకి వంగింది.

“మిల్డ్రెడ్,” అని అందించింది మాడ్ పిన్ని.

“మిల్డ్రెడ్,” అన్నాడు తోడుపెళ్లికొడుకు. వెనక వరసలూ అందుకున్నాయి. పెళ్లికొడుకు తప్ప ఊళ్లో మగాళ్లందరూ మిల్డ్రెడ్‌ని పెళ్లాడేసేలా ఉన్నారు. విల్ఫ్ మొహం పాలిపోయింది. ద్వారం వైపు ఒక చూపు చూశాడు. పారిపోతాడనే అనుకున్నాను.

అప్పుడు గొడుగు నేలకేసి కొట్టిన చప్పుడు.

“కొలిన్! ఆపు! ఇందాక ఇక్కడికి వచ్చిన పెద్దల గురించి చెబుతూ నువ్వు ‘దట్’ అన్నావు. ఇంతమందిని పట్టుకుని దట్ అంటావా?”

అందరూ గిరుక్కున వెనక్కి తిరిగారు.

“ఇదా సమయం? కూర్చోవమ్మా!” అని అరిచింది మాడ్ పిన్ని, టోపీ మీద ఈకలు ఊగిపోతుండగా.

“నేను అనలేదు టీచరుగారూ!” అంటూ పాస్టరు రెండడుగులు ముందుకొచ్చాడు.

“అన్నావు!”

“ఒట్టు, అనలేదండీ!”

నాకూ ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఆ గొడుగు లాక్కుందామా అనుకుంటూ అద్దంలోకి చూశాను. బలిపీఠం ముందు ఆ ఇద్దరే ఉన్నారు. వాళ్లని చూసేవాడు లేడు. విల్ఫ్ మిల్డ్రెడ్ చేయి పట్టుకుని మెల్లగా చెబుతున్నాడు. పెదాలు ఆగాయి, మళ్లీ కదిలాయి, చివరిదాకా వెళ్లాయి. మిల్డ్రెడ్ పాస్టరు అంగీ పట్టుకుని లాగింది.

“అయిపోయిందండీ. మొత్తం చెప్పేశాడు.”

“నేను వినలేదే!”

“నేను విన్నానుగా, చాలదా?”

“చాలదమ్మా, సాక్షులు కూడా వినాలి.”

విల్ఫ్‌కి నవ్వొచ్చేసింది. “అయితే మ... మళ్లీ చెబుతానుండండి,” అన్నాడు, గట్టిగా. చెప్పాడు. మధ్యలో ఒకచోట ఆగాడు. మాడ్ పిన్ని నోరు తెరవబోయి, వెనకనుంచి గొడుగు లేవడం చూసి మూసేసుకుంది. ఎవరూ మాట అందించలేదు. ఆ మాట దానంతటదే వచ్చింది. చర్చి చర్చంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. నేను ఆనందం పట్టలేక వాయించాల్సిన పాట బదులు ఇంకేదో వాయించేశాను.

బయట రాతిబల్ల మీద టీచరు ఒక్కతే కూర్చుని ఉంది.

“నిజం చెప్పండి, పాస్టరుగారు దట్ అన్నారా?” అని అడిగాను.

ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “లేదే. శుభ్రంగా హూ అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒప్పు చెప్పాడు, పాపం.”

ఆవిణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాను. ఆవిడ తన టోపీ నలిగిపోతుందని గొణిగింది.

విందులో పాస్టరు ప్రతివాణ్ణీ పట్టుకుని “నేను దట్ అన్నానా?” అని అడుగుతూనే ఉన్నాడు. అందరూ చెవులారా విన్నామన్నారు. ఆయన బెంగపడి, కాళ్లీడ్చుకుంటూ మా బల్ల దగ్గరికొచ్చాడు. టీచరు తన వాటా కేకు ఆయన పళ్లెంలో పెట్టింది.

“ఎంత బాగుందో! ఇది చేసినావిడ...” అంటూ పాస్టరు ఈసారి నిజంగానే ‘విచ్’ అనేశాడు.

టీచరు మొహం కందగడ్డయింది. నోరు తెరిచింది. నా వైపు చూసింది. ఆయన పళ్లెంలోంచే ఒక పెద్ద ముక్క తుంచి నోట్లో కుక్కుకుని, కళ్లు మూసుకుని నమలడం మొదలుపెట్టింది.