నూట ఇరవయ్యో రోజు

నేను దుబాయ్‌లో ఉద్యోగం, నానక్‌రామ్‌గూడలో కాపురం చేస్తాను. మధ్యలో ఉన్నది నాలుగు గంటల విమానం. మూసాపేటలో మెట్రో ఎక్కి ఆఫీసుకు వచ్చేవాళ్లంత మామూలుగా నేను రెండు వారాలకోసారి శని, ఆదివారాలకు ఇంటికి వచ్చి పోయేవాణ్ని. ఆ హాయిని చెడగొట్టింది ఒక వాట్సాప్ సందేశం.

దుబాయ్‌లో మా తెలుగువాళ్లకు ఒక గ్రూపు ఉంది. అందులో పొద్దున పువ్వుల బొమ్మలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం పన్నుల చట్టం వస్తాయి. పూర్వం విదేశాల్లో పనిచేసేవాళ్లు ఏడాదిలో ఆరు నెలల దాకా ఇండియాలో ఉండి పోయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. రూలు మారింది, ఇక్కడి ఆదాయం పదిహేను లక్షలు దాటితే ఇక నూట ఇరవై రోజులే గీత అని గ్రూపులో ఒకాయన రాశాడు. నూట ఇరవయ్యో రోజు ఇండియాలో తెల్లవారితే దుబాయ్ జీతమంతా ఇక్కడ పన్నుకు దొరికినట్టే అని కూడా రాసి, కింద మూడు మంట బొమ్మలు పెట్టాడు. నాకు హఫీజ్‌పేట్‌లో ఒక ఫ్లాటు, గచ్చిబౌలిలో ఒక ఆఫీసు స్థలం ఉన్నాయి. రెంటి కిరాయీ కలిపితే ఆ పదిహేను దాటుతుంది. భయపడటానికి కావలసిన అర్హతలన్నీ నాకున్నాయన్నమాట.

బుద్ధున్నవాడైతే వెళ్లి ఆడిటర్‌ను అడుగుతాడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి ఎక్సెల్ షీటు చేశాను. ఏప్రిల్ ఒకటి నుంచి మార్చి ముప్పై ఒకటి దాకా రోజుకో గడి. ఇండియాలో ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. విమానం దిగిన రోజూ ఒకటే, ఎక్కిన రోజూ ఒకటే. ఒకటి కొడితే గడి ఎర్రబడుతుంది, సున్నా కొడితే ఆకుపచ్చగా మారుతుంది. ఆకుపచ్చ అంటే క్షేమం అని పైన రాసి పెట్టాను. ఇంటికి వచ్చిన రోజులే ప్రమాదం రంగులో ఎందుకున్నాయని నాకు అప్పుడు తట్టలేదు. షీటును గ్రూపులో పెడితే అందరూ దండాలు పెట్టారు. అసలు రూలు ఎవరైనా చదివారా అని ఒక్కరూ అడగలేదు, నాతో సహా. ఏం కావాలో చదవకుండా కోడ్ రాయడం మా వృత్తిలో కొత్తేమీ కాదు.

ఆ ఏడాది శంషాబాద్ విమానాశ్రయంలో నా అంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడు. విమానం రాత్రి పదకొండున్నరకు దిగేది. పన్నెండు లోపు పాస్‌పోర్టు మీద ముద్ర పడితే ఒక రోజు దండగ. అందుకని వరుసలో వెనకున్నవాళ్లందరికీ దారిచ్చేవాణ్ని. పిల్లలున్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు ముందు, ఏమీ లేనివాళ్లూ ముందే. ఒక పెద్దాయన నా భుజం తట్టి, మంచి సంస్కారం నాయనా అని దీవించాడు కూడా. బయట నా భార్య పార్కింగులో కారులో కూర్చుని ఉండేది. అప్పటికి ఆమెకు ఆరో నెల.

అవును, అదే ఏడాది మాకు తొలి చూలు. నల్లగొండ నుంచి మా అత్తమ్మ వచ్చి తోడుగా ఉంది. వంటింటి క్యాలెండరు మీద వాళ్లు నెలలు లెక్కబెట్టేవారు, నేను షీటులో రోజులు లెక్కబెట్టేవాణ్ని. దసరా సెలవులు, శనాదివారాలు, సీమంతం అన్నీ కలిపి మార్చి మూడో వారానికి నాది నూట పంతొమ్మిదికి చేరింది. ఇంకొక్క రోజు వచ్చినా గీత తగిలినట్టే. ప్రసవం ఏప్రిల్ మొదటి వారంలో అన్నారు కాబట్టి ఒకటో తారీఖున దిగేలా టికెట్ కొని, నా తెలివికి నేనే మురిసిపోయాను.

కడుపులో పిల్లకు మా ఆర్థిక సంవత్సరం సంగతి తెలియదు. అడ్డం తిరిగింది. నెలాఖరులోగా ఆపరేషన్ చేయాలన్నారు డాక్టరు. ఆపరేషన్ అనగానే మా అత్తమ్మ పంతులు దగ్గరికి పోయింది. ఇప్పుడు నక్షత్రం చూసుకుని మరీ పిల్లల్ని కంటున్నారు కదా. ఆయన ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున పది గంటలు దివ్యంగా ఉందన్నాడు. నేను ఫోన్ చేశాను.

"ఒకటో తారీఖుకు పెట్టించరాదా అత్తమ్మా?"

"ఆ దినం మంచిగ లేదట బిడ్డా. పంతులు రెండుసార్లు చూసిండు."

"నా లెక్కలో అదే మంచిది."

"పిల్ల పుట్టేటిదానికి నీ లెక్కలేంది?"

పంతులుతో కాదని డాక్టరును అడిగాను. అంత దాకా ఆగడం క్షేమం కాదు, ముందే నొప్పులు వస్తే కష్టమవుతుంది అని ఆమె ఓపిగ్గా చెప్పింది. తల్లీబిడ్డల మీద ముహూర్తాల రుద్దుడు ఆమెకు అలవాటే, కాని పన్నుల వాళ్ల పంచాంగం ఆమె వినడం అదే మొదటిసారి అనుకుంటాను.

చివరికి నా భార్య ఫోన్ తీసుకుంది. "నువ్వు రా. పన్ను పడితే పడనీ. నాకు భయమైతుంది," అంది. ఆమె భయమని చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు.

"నాలుగు రోజులే కదా. ఒకటో తారీఖు పొద్దున నీ ముందుంటా," అన్నాను.

"సరే," అంది. అది ఎలాంటి సరేనో పెళ్లయినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇరవై ఎనిమిదిన నేను దుబాయ్ ఆఫీసులో ఎవరో తెరమీద బొమ్మలు చూపిస్తుంటే తలాడిస్తూ కూర్చున్నాను. పదిన్నరకు ఆసుపత్రి నుంచి వీడియో వచ్చింది. సగం మా అత్తమ్మ బొటనవేలు, మిగతా సగం మా కూతురు. ఆపరేషన్ కాగితం మీద సంతకం అత్తమ్మే పెట్టింది. పిల్ల నాయన ఏడి అని నర్సు అడిగితే, "మార్చి అయిపోయినంక వస్తడు," అని చెప్పిందట.

చెప్పినట్టే వచ్చాను. నేను ఎత్తుకోగానే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది, వాళ్ల అమ్మమ్మ చేతుల్లోకి పోగానే ఊరుకుంది. నా భార్య అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడే సిగ్గుపడాల్సింది. నేను గండం గడిచిందనుకున్నాను.

జూలైలో రిటర్ను వేయడానికి మూసాపేటలో ఆడిటర్ దగ్గరికి వెళ్లాను. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దావిడ. నా షీటును రంగుల్లో ప్రింటు తీసి ముందు పెట్టాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది.

"బాగా వేశారండీ. ఇది దేనికండీ?"

నూట ఇరవై తగలకుండా తప్పించుకున్న వైనమంతా చెప్పాను.

"మీకు దుబాయ్‌లో జీతం మీద పన్ను లేదు కదండీ? ఇక్కడి ఆదాయం పదిహేను లక్షలు దాటింది. అలాంటివాళ్లు ఏడాదంతా ఈ దేశంలో కాలు పెట్టకపోయినా, చట్టం లెక్కలో ఇక్కడ ఉన్నట్టేనండీ. అదీ ఆ కొత్త రూల్లోనే ఉంది."

"అయితే జీతం మీద పన్ను కట్టాలా?"

"అక్కర్లేదండీ. ఇలా ఉన్నట్టు లెక్కేసినవాళ్ల అక్కడి జీతం జోలికి రారు. ఆరు నెలలు దాటనంత వరకు మీరు వచ్చినా అంతే, రాకపోయినా అంతే." కాగితాలు మడిచి ఇస్తూ, "ఒక్క ఫోన్ చేయాల్సిందండీ," అంది.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పేశాను. దాచుకునే మొహం కూడా మిగల్లేదు. ఆమె పిల్ల గౌను మడతపెడుతూ అంతా విన్నది.

"అంటే సర్కారు లెక్కల ఆ దినం నువ్వు ఈడనే ఉన్నవన్నట్టు."

"అన్నట్టే."

"మరి దవాఖానల మా అమ్మతోని సంతకం ఎందుకు పెట్టించిన్రు? సర్కారునడిగితే నిన్ను చూపిస్తుండె గదా."

పిల్లను నా పక్కన పడుకోబెట్టి ఆమె లోపలికి పోయింది. నేను ల్యాప్‌టాప్ తెరిచాను. మార్చి ఇరవై ఎనిమిది గడిలో సున్నా, ఆకుపచ్చ రంగు. దాన్ని చెరిపి ఒకటి కొట్టాను. గడి ఎర్రబడింది. కాసేపు చూసి మళ్లీ సున్నా పెట్టాను. ఆ రోజు నేను లేను.