అమ్మ మచ్చిక చేసుకున్న పాత ఫ్లాష్‌లైటు

మత్రాలోని నా ఫోటో స్టూడియోకు నిన్న ఎవరో పాత ఫ్లాష్‌లైటు అమ్మజూపడానికి తెచ్చారు. ప్లగ్గు పెట్టగానే బల్బు మీద పేరుకున్న దుమ్ము వేడెక్కి మాడిన వాసన గుప్పుమంది. నేను కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే బహ్లాకు, నా చిన్నతనానికి వెళ్ళిపోయాను.

మా నాన్న జగిత్యాల నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి, బహ్లా ఊళ్ళో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. అమ్మ పెళ్ళికి ముందే మామయ్య దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకుంది. అక్కడి బజారులో స్టూడియో ఉన్న అర్బాబ్, అంటే యజమాని, పరాయి మగవాడి ముందు ఫోటో దిగని ఆడవాళ్ళ కోసం వెనక గదిని అమ్మకు అప్పగించాడు. బయట మట్టిగోడల వేడి, గంపల్లో ఖర్జూరాల తీపి, వాటి మీద ముసిరే ఈగల రొద. లోపల లుబాన్ ధూపం, ఏలకుల కాఫీ, బట్టలకు పూసుకున్న అత్తరు, గాజుల గలగల. బడి వదలగానే నేను ఆ చల్లని గదిలోకి పరిగెత్తేదాన్ని.

ఒక ఎండాకాలం అర్బాబ్ ఎక్కడో మూతపడిన స్టూడియో నుంచి రెండు పాత ఫ్లాష్‌లైట్లు కొనుక్కొచ్చాడు. పండుగ దగ్గరికొస్తోంది. వాటిలో పెద్దది అమ్మను ఏడిపించింది. ఒక ఫోటోలో ముఖం తెల్లగా వెలిగేది, మరుక్షణం తీసిన దాంట్లో చీకట్లో మునిగేది. ముందు గదిలో మగవాళ్ళ ఫోటో తీస్తే, ఆ మెరుపు తలుపు సందులోంచి సోకి ఇది తనంతట తానే ఫట్‌మని మెరిసేది. అర్బాబ్ విసిగిపోయి, "ఈద్ దాకా చూస్తా, అప్పటికీ ఇట్లాగే ఉంటే ఈ గదిలో మొబైల్ దుకాణం పెడతా" అని హిందీలో తేల్చేశాడు.

విప్పి చూద్దామని అమ్మ అంటే నాన్న ఒప్పుకోలేదు. "ప్లగ్గు పీకినా కరెంటు లోపల్నే దాగుంటది. ముట్టుకోకు."

ఇక అమ్మ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, సాయంత్రాలన్నీ దాన్ని మెరిపిస్తూ దాని గుణం కనిపెట్టసాగింది. ముందు తలుపుకు మందపాటి నల్ల పరదా కట్టింది, తనంతట తాను మెరవడం ఆగింది. వెలుతురు తగ్గించినా మొదటి మెరుపు పాత జోరుతోనే వస్తోందని గమనించి, తగ్గించిన ప్రతిసారీ ఒకసారి ఉత్తిగా మెరిపించి లోపలిది ఖాళీ చేసింది. కానీ ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా రావడం మాత్రం పోలేదు. లైటు సిద్ధమైందని చెప్పే ఎర్రదీపం వెలిగాకే కదా మీట నొక్కుతున్నానని అమ్మ తల పట్టుకుంది.

"ఇంకా కుయ్యిమంటుందే అమ్మా," అన్నాను.

"ఏది?"

"లోపల. సన్నగ."

అమ్మకు ఆ చప్పుడు వినబడలేదు. నా ముఖంలోకి చూసింది. "ఆగినంక చెప్పు" అంది. ఎర్రదీపం వెలిగింది, కూత సాగింది, సాగి సాగి ఆగింది. "అయింది!" అన్నాను. మెరిసింది. మళ్ళీ ఆగి, మళ్ళీ. అన్ని ఫోటోలూ ఒకే వెలుతురులో వచ్చాయి. అమ్మ నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. "లోపల నిండకముందే దీపం తొందరపడుతున్నది బిడ్డా! ఇది ముసలి బర్రె. చేపుకొచ్చినంకనే పిండాలె!"

ఈద్ నాడు అర్బాబ్ ఇంటి ఆడవాళ్ళంతా దిగారు. ఆకుపచ్చ, నారింజ జరీ బట్టలు, వెండి గొలుసులు, గోరింట చేతులు, పిల్లల పెదాల మీద హల్వా జిగురు, నడుమ కర్ర పట్టుకున్న అర్బాబ్ తల్లి. నేను కెమెరా పక్కన చెవులు రిక్కించి నిలబడ్డాను. ఒక్కో మెరుపు తర్వాత అందరూ బిగుసుకుని ఎదురుచూస్తుంటే, అమ్మ చేయెత్తి తనకొచ్చిన అరబ్బీలో "ష్వయ్ ష్వయ్" అనేది, నెమ్మది, నెమ్మది అని. ఆమె యాసకు ఒక పిల్ల కిసుక్కుమంది, ఆ పిల్ల తల్లి నవ్వింది, చివరికి పెద్దావిడ బోసినోరు తెరిచి పకపకా నవ్వేసింది. "అయింది!" అని అరిచాను.

ఆ ఫోటోను అర్బాబ్ కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూశాడు. తల్లి అలా నవ్వగా తానెప్పుడూ ఫోటోలో చూడలేదట. మర్నాటి నుంచి వీధి చివరి దాకా ఆడవాళ్ళు బారులు తీరారు. అర్బాబ్ మొబైల్ దుకాణం మాట మళ్ళీ ఎత్తలేదు. అమ్మ నడుం మీద చేయి పెట్టుకుని గది గుమ్మంలో రాణిలా నిలబడటం నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

ఇప్పుడా గది లేదు, అర్బాబ్ కొడుకులు ఆ చోట బట్టల షాపు పెట్టారు. ఆ ఆడవాళ్ళలో చాలామంది ఫోనుల్లోనే ఫోటోలు తీసుకుంటున్నారు. నా స్టూడియోలో ఎప్పుడూ వెలిగే కొత్త లైట్లు, దేనికీ ఎదురుచూడక్కర్లేదు. కానీ పెళ్ళికూతుళ్ళు వస్తే కెమెరా పట్టేది అమ్మే. లైటు సిద్ధంగా ఉన్నా ఆమె తొందరపడదు. ఎదుటి పిల్ల భుజాలు సడలి, ముఖం విచ్చుకునేదాకా నిలబడుతుంది, ఆ తర్వాతే నొక్కుతుంది.