చేటెడు తవుడు

మొన్న టెక్కలిలో, పిల్లలు పెద్దవాళ్ళయ్యే నవలల మీద ఏదో సదస్సు పెట్టి, పిల్లవాణ్ణి సమాజమూ సంస్కృతీ ఎలా మలుస్తాయో చెప్పమని నన్నూ పిలిచారు. నాకు ముందు మాట్లాడిన కుర్ర లెక్చరరు, మంచి నవలల్లో కుర్రాడు ఊరు వేసిన ముద్రను చెరిపేసుకుని తానెవరో తనే తేల్చుకుంటాడని అంటే, ఆ చప్పట్లకు హాలు పైకప్పు నౌపడ ఉప్పుమళ్ళ దాకా ఎగిరి మళ్ళీ వచ్చి కూర్చుంది. నాకు మాత్రం ఏ నవలా గుర్తురాలేదు, చేటెడు తవుడు గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, తర్వాతి బిడ్డను చేటలో పెట్టి పొరుగామెకు ఇచ్చేసి, తవుడు పోసి తిరిగి కొనుక్కునేవారు. ఇంత చవక సరుకు మనకెందుకులే అని యముడు పక్కింటికి పోతాడని ధీమా. నాకు ముందు ఇద్దరు పోయారు కనుక నన్నూ అలాగే కొని, తవిటయ్య అన్నారు.

నన్ను అమ్మిన పొరుగింటి పెద్దమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడి సొనకు ఆమె వేళ్ళెంత నల్లబడ్డాయంటే, అమావాస్య ఆమె దగ్గరే రంగు అరువు తెచ్చుకునేదని నా అనుమానం. పిల్లల్లేరు. నా ధర మాత్రం ఏటేటా పెంచేది. నాకు బుద్ధి తెలిసేనాటికి చేటెడున్న తవుడు, నేను హైస్కూలుకు వచ్చేసరికి రెండెడ్ల బండెడయింది. అయినా నష్టానికే అమ్మినానని వీధంతా వినేలా అనేది. అమ్మ నా మీద చెయ్యెత్తితే, నా సరుకును కొట్టడానికి నువ్వెవరివని అడ్డొచ్చేది.

హైస్కూల్లో హాజరు పిలిచేటప్పుడు నా పేరు వినగానే వెనక బెంచీలన్నీ ఆవులై అంబా అనేవి. లైబ్రరీలో పిల్లల నవలలన్నీ అప్పటికే అట్టలతో సహా నమిలేశాను. వాటిలో ఏ కుర్రాడికీ పశువుల దాణా పేరు లేదు. తవుడు వల్ల వచ్చిన పేరు పెద్దమ్మ ఆ తవుడు అమ్మకు తిరిగిచ్చేస్తే పోతుందని లెక్క తేల్చి, ఒక సాయంత్రం మా ఆవు నోటి ముందు నుంచి చేటెడు తవుడు లాక్కెళ్ళి పెద్దమ్మ గుమ్మంలో పెట్టి, ఈ తవుడు మా అమ్మకు తిరిగిచ్చేసి నా పేరు తీసెయ్యి అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. తవుడు వెనక్కిస్తే బేరమే వెనక్కి పోతుందని నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. నల్లటి వేళ్ళతో చేట అంచు తడుముతూ కూర్చుని, చివరికి మెల్లగా అడిగింది.

“మరైతే నువ్వు నాకాడే ఉండిపోవాల కదరా అయ్యా. ఉంటావేటి?”

నా పరుగుకు ఉద్దానం కొబ్బరిచెట్లు పక్కకు తప్పుకుని దారిచ్చాయి. వెళ్ళి మా తలుపు చాటున నక్కాను. కాసేపటికి ఆమె ఆ చేట తెచ్చి అమ్మ ముందు దించింది.

“నీ పిల్లడు తవుడు మా గుమ్మంలో మరిసిపోనాడు. సూసుకోయే, పిడికెడు కూడా తియ్యనేదు.”

అమ్మ చేట అందుకుంది గానీ, ఆ నల్లటి చెయ్యి చాలాసేపు వదల్లేదు.

మర్నాటి నుంచి పెద్దమ్మ నన్ను తవిటయ్యా అనలేదు, ధరా చెప్పలేదు. బడిలో పేరు మార్పించుకున్నాక, నోరు తిరక్కపోయినా ఆ కొత్త పేరుతోనే, చుట్టపు చూపుగా వచ్చిన పిల్లవాణ్ణి పిలిచినట్టు మర్యాదగా పిలిచేది. పోయేదాకా అంతే. నేను అడిగిందే ఇచ్చింది.

సదస్సులో ఇదేమీ చెప్పలేదు. కొత్త పేరు మీదే శాలువా కప్పించుకుని వచ్చేశాను. ఇప్పుడు పిల్లలు ఆస్పత్రుల్లో పుట్టి హాయిగా బతుకుతున్నారు, అంతకన్నా ఏం కావాలి. పేర్లు ఫోనులో వెతికి పెడుతున్నారు, బిడ్డ దక్కడానికి పొరుగామె చేయి అక్కర్లేదు. ఆ నవలల కుర్రాళ్ళలాగే నేనూ ఊరి ముద్ర చెరిపేసుకున్నాను, ఇప్పుడు మా వీధిలో నా ధర తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అన్నీ పెంచి చెప్తానని నాకు పేరుంది, ఆ విద్య ఆమె దగ్గర నేర్చిందే. కానీ తవుడు కొలత ఎంత పెంచినా, నష్టానికే అమ్మినానన్న మాటలో మాత్రం ఆమె గింజంత కూడా పెంచలేదు.