అక్క బయోడేటాలో ఒక గొప్ప మాట

డిగ్రీ అయిన కొత్తలో నాకు తెలుగులో ఏం మాట్లాడినా చప్పగా ఉండేది. ఉప్పూకారం అంతా ఇంగ్లీషులోనే ఉందని గట్టి నమ్మకం. ఆత్మకూరులో ఒక డీటీపీ సెంటర్లో వారమంతా టైపు కొట్టేవాణ్ణి. ఆదివారం చర్చి కాగానే బస్సెక్కి కర్నూలుకు పోయి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో కూర్చునేవాణ్ణి. అక్కడ ఇచ్చిన పుస్తకంలో అందాన్ని వర్ణించే మాటలు రెండు పేజీలు ఉండేవి. మిగతా పుస్తకం ఎట్లా పోయినా ఆ రెండు పేజీలు నాకు నోటికొచ్చు. (వర్ణించడానికి అప్పటికి ఎవరూ లేరు. అయినా సిద్ధంగా ఉండటం మంచిది కదా.) రంజాన్ పండగనాడు మా సెంటర్ ఓనర్ భాయ్ ఇంటికి పిలిచి షీర్ ఖుర్మా పెడితే, ఆయన కొత్త లాల్చీ చూసి ఉండబట్టలేక, "భాయ్, యూ ఆర్ డ్రెస్డ్ టు కిల్!" అన్నాను. కొత్త బట్టల్లో అదిరిపోతున్నారని నా భావం. ఆయన చేతిలోని గిన్నె కింద పెట్టి, "పండగపూట చంపే మాటలేందిరా?" అన్నాడు. అక్కడితో ఆగింటే బాగుండేది.

మా అక్క బడిలో టీచరు. అప్పటికే రెండు సంబంధాలు వచ్చి, "పిల్ల రంగు తక్కువ" అని తిరిగిపోయినాయి. మూడోది మా పాస్టరయ్య చెప్పిన కోసిగి సంబంధం. అబ్బాయి కరెంటాఫీసులో ఉద్యోగం. బయోడేటా ఇంగ్లీషులో పంపమన్నారు. నాయన పక్కన కూర్చుని, "చామనచాయ, సామాన్యంగా ఉంటాదని రాయి. ఉన్నది రాస్తే మళ్లీ మాట రాదు" అన్నాడు. అక్క తలుపు దగ్గర నిలబడి వింటోంది. అది చూసి నాకు ఆ మాట టైపు కొట్టబుద్ధి కాలేదు. సెంటరుకు పోయి, నాయన చెప్పినవన్నీ ఉన్నదున్నట్టు కొట్టి, రూపం అన్న చోట మాత్రం ఆ రెండు పేజీల్లోకెల్లా పెద్ద మాట పెట్టినాను. డ్రాప్ డెడ్ గార్జియస్. చూసినవాళ్లు చచ్చిపడేంత అందమని దాని అర్థం.

నాలుగు రోజులకు నాయనకు ఫోనొచ్చింది. మాట్లాడింది అబ్బాయి పెద్దనాయన. సర్కారు దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. రిసీవర్లోంచి ఆయన గొంతు ఇల్లంతా వినపడింది.

"శానా మంచోళ్లప్పా మీరు. జబ్బు దాపెట్టి పెండ్లి చేసే రోజులివి. మీరు రాసి పంపినారు. పిల్లకు ఎన్నేండ్ల నుంచి ఉండాది?"

"ఏముండాదన్నా?" అన్నాడు నాయన అయోమయంగా.

"అదే, ఉన్నట్టుండి చచ్చినట్టు పడిపోయేది. మూర్ఛలు నేను శానా చూసినా గానీ ఈ గార్జియస్ అనే రకం ఇనలేదు. ఏం భయం లేదు, మందులుండాయి. ఆదివారం మావాణ్ణి తీసుకొని వస్తాండా."

ఫోను పెట్టేసరికి అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నాయన నా వైపు చూసినాడు. (ఆ చూపుకు ఆ పుస్తకంలో ఇంగ్లీషు లేదు.) నేను నిజం చెప్పేసినాను. ఇప్పుడే ఫోన్ చేసి సర్దిచెబుతానని నాయన లేస్తే అక్క అడ్డం వచ్చింది. "వద్దు నాయనా. వస్తామన్నారు గదా, రానీ" అంది.

ఆదివారం వచ్చినారు. పెద్దనాయన చేతిలో కర్నూలు పెద్ద డాక్టరుకు రాసిన చీటీ. అక్కను ఎదురుగా కూర్చోబెట్టి నాడి పట్టినాడు, కనురెప్పలు ఎత్తి చూసినాడు, నాలుక చూపించమన్నాడు. నేను తలుపు పక్కన చెమటలు కక్కుతున్నాను. అక్క అన్నిటికీ ఓపికగా ఒప్పుకొని చివరికి నిదానంగా చెప్పింది.

"పెద్దనాయనా, నాకేం జబ్బు లేదు. పడిపోయేది నేను కాదంట, నన్ను చూసినోళ్లంట. అంత అందంగా ఉంటానని మా తమ్ముడు రాసినాడు."

ఆయన కళ్లద్దాలు కిందికి జార్చి అక్కను చాలాసేపు చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు. చివరికి అంతవరకూ నోరు విప్పని అబ్బాయి వైపు తిరిగి, "ఏమప్పా, ఏమన్నా పడినావా?" అన్నాడు.

"కూర్చోనుండా గదా పెద్దనాయనా," అన్నాడతను తల వంచుకునే. "నిలబడుంటే పడేటోన్నేమో."

ముందు నవ్వింది అమ్మ. ఆ తర్వాత ఎవరు నవ్వినారో చెప్పలేను.

వాళ్లు పోయినాక అక్కను అడిగినాను, "అబ్బాయి నచ్చినాడా?" అని.

"రంగు చూసి పోయినోళ్లు పోయినారు. వీళ్లు మూర్ఛలని తెలిసి గూడా డాక్టరు చీటీ పట్టుకొని వచ్చినారు. ఇంకేం చూడల్లరా?" అంది.

ఇప్పుడు అక్కకు జుట్టు సగం నెరిసింది. పోయిన నెల బావ రిటైరైనప్పుడు ఇద్దరూ దండలతో దిగిన ఫొటో పంపింది. జవాబు రాయడానికి ఫోను పట్టుకుని కూర్చుంటే ఒక్క ఇంగ్లీషు మాటా సరిపోలేదు. "శానా బాగుండావక్కా" అని కొట్టి పంపినాను.

కాసేపటికి జవాబొచ్చింది. "ఇంతకాలానికి నాకర్థమయ్యేటట్టు చెప్పినావురా."