పదకొండో పెట్టె

కడప శివారు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఒకే లెక్కను పంచుకొని చేసే పదహారు పాత పెంటియం కంప్యూటర్లకు ల్యాబు అసిస్టెంటు ప్రేమజ్యోతే దిక్కు. పని నిలిచిపోతే ఆమె ముందుగా తెర చూడదు. వాటి వెనకగా నడుస్తూ ఒక్కో పెట్టెకు అరచెయ్యి ఆనించి వేడి చూస్తుంది. లెక్క నడుస్తోందని ఆయుధపూజకు కూడా వాటిని ఆపనివ్వలేదు. పూజ ముగిసిన ఐదు నిమిషాలకే మూడు రోజులుగా నడుస్తున్న లెక్క ఆగిపోయింది. "అన్నీ ఆపి మళ్లా మొదలుపెడదాంలేమ్మా" అన్నాడు లెక్చరర్ తేజేశ్వర్, దిగులుగా. "వద్దు సార్. అన్నీ చల్లగుండాయి. యాడో ఒకటి జవాబియ్యక, మిగతావి ఎదురు చూస్తాండాయి" అంటూ వంగింది. పదకొండో పెట్టె వెనక పచ్చదీపం వెలగడం లేదు. పూజకు తేజేశ్వర్ అక్కడ కట్టిన బంతిపూల దండ బరువుకు నెట్‌వర్కు వైరు జారింది. దాన్ని టక్కుమనేదాకా లోపలికి నొక్కింది. కాసేపటికి వరసంతా వేడిగాలి కొట్టింది. దండను పారేయలేదు, విప్పి పెట్టె ముందువైపు కట్టింది. "పూలు ముందర కట్టండి సార్. దాని ఊపిరంతా ఎనకుండాది."